ఒకటో ట్రాకు మీద వేలు

హనుమంతరావుని నిలువునా చీల్చెయ్యాలనిపించినప్పుడల్లా తులసి మిషను ముందు కూర్చుని ఒకటో ట్రాకు బటన్ మీద వేలు పెట్టేది. నొక్కేది కాదు, ఊరికే పెట్టేది. నొక్కితే మనిషి పోతాడు. నొక్కకపోతే గుప్పిట్లో ఉంటాడు. మిషను ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఆమెకి అదే కాలక్షేపం, అదే పూజ.

ఆ మిషను సంగతి ముందు చెప్పుకోవాలి. కూర్చునే పీటంత ఉంటుంది. పైన క్యాసెట్ పెట్టే గది, దాని కింద పైకీ కిందకీ జరిగే నాలుగు మీటలు. మామూలు టేపు రికార్డరు ఎంతమంది పాడినా అందరినీ కలిపి మింగేస్తుంది, తర్వాత ఎవరి గొంతునీ విడదియ్యలేం. ఇది అలాంటిది కాదు. అదే సన్నటి టేపు మీద పక్కపక్కనే నాలుగు దారులు వేస్తుంది. ఆ దారుల్నే ట్రాకులంటారు. నలుగురు పాడితే ఎవరి దారిలో వాళ్ళు పడి ఉంటారు. ఒకరిని పెంచొచ్చు, ఒకరిని తగ్గించొచ్చు. ఒకణ్ణి మాత్రం తుడిచిపెట్టేసి, మిగతా వాళ్ళ మీద ఈగ వాలకుండా కాపాడుకోవచ్చు. తులసికి ఈ చివరి సదుపాయం తెగ నచ్చింది.

కూతురు తేజశ్రీ వచ్చినప్పుడల్లా నవ్వేది. ఫోన్లో ఎన్ని ట్రాకులు కావాలంటే అన్ని వస్తుంటే ఈ డొక్కు పెట్టె ఎందుకమ్మా అనేది. ఫోన్లో చెరిపింది ఏ మూలో దాక్కుని మళ్ళీ వస్తుందని తులసికి తెలుసు. పోయిందనుకున్న ఫొటోలు కూతురే వెనక్కి తెప్పించి చూపించింది మరి. టేపు మీద చెరిపితే బ్రహ్మదేవుడు దిగొచ్చినా తేలేడు. అందుకే పాడే ముందు మనిషికి ఒళ్ళు దగ్గరుంటుంది. పైగా ఉన్నవి నాలుగే దారులు. ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపాలో తేల్చుకోక తప్పదు. బతుకులో ఎన్నడూ చేతికి రాని అధికారం అది.

తులసి పుట్టింది కొల్లేటి మధ్య ఒక లంకలో. తండ్రి దోనె మీద వేటకెళ్ళేవాడు. ఇప్పుడు ఆకివీడులో చేపల షెడ్డు వెనక సందులో ఉంటోంది. పొద్దున్నే వెళ్ళి పెట్టెల్లో ఐసు పరిచి, చేప పేర్చి, మళ్ళీ ఐసు కప్పడం ఆమె పని. మధ్యాహ్నానికి ఇల్లు చేరి, నీచు వాసన పోయేదాకా ఒళ్ళు రుద్దుకుని, కిటికీలకి బొంతలు వేలాడగట్టి, ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ పాడుకుంటుంది. లారీ వస్తే ఆపుతుంది. లారీ పోతే మొదలెడుతుంది. ఖాళీ టేపు ఒకటి పెట్టి, ఊడ్పు పాట ఒక ట్రాకులో పాడి, రెండో దాంట్లో తనకి తనే అందుకుని, మూడో దాంట్లో చప్పట్లు వేసుకుంటుంది. తులసమ్మకి పిచ్చి ముదిరిందని షెడ్డులో ఆడవాళ్ళు అనుకున్నారు. అనుకోనీ, వాళ్ళ సొమ్మేం పోయింది.

వాళ్ళకి తెలియనిది ఏమిటంటే, తులసి ఒకప్పుడు బుర్రకథ దళంలో వంత. బుర్రకథలో నడుమ తంబురా పట్టుకుని కథ చెప్పేవాడు కథకుడు. అతనికి చెరోపక్క గుమ్మెటలు వాయిస్తూ, మాట అందిస్తూ, "తందాన తాన" అనేవాళ్ళు వంతలు. అత్తిలి హనుమంతరావు కథకుడు. తులసి ఒక వంత, ఆమె మొగుడు సత్తిబాబు రెండో వంత. సత్తిబాబు హాస్యం చెబితే పిల్లల తల్లులు కూడా పిల్లల్ని మర్చిపోయేవారు. హనుమంతరావు గొంతు గొంతే, అందులో అబద్ధం చెప్పకూడదు. మైకు లేకపోయినా నాలుగు వీధులు దాటేది. ఆ గొంతుకి తగ్గ గర్వం కూడా దేవుడు దండిగానే ఇచ్చాడు.

ఆ రోజుల్లో దళం చెప్పే కొల్లేటి కథ ఎక్కణ్ణుంచో ఊడిపడలేదు. అది తులసి నాయనమ్మ కథ. పెద్ద ముంపు వచ్చిన ఏడు, వేటకెళ్ళిన మొగుడి దోనె కోసం నడుం లోతు నీళ్ళలో లాంతరు ఎత్తి పట్టుకుని నిలబడిపోయిన మనిషి ఆవిడ. తండ్రి చెప్పగా విన్నదాన్ని తులసి చరణాలు కట్టింది, హనుమంతరావు నోట్లో పెట్టింది. ఏలూరులో మైకు సెట్టు అద్దెకిచ్చే హబీబు ఆ కథ విని ముచ్చటపడి, ఈ నాలుగు ట్రాకుల మిషను మీద తన ఇంట్లోనే రికార్డు చేశాడు. ఒకటో ట్రాకులో హనుమంతరావు, రెండో దాంట్లో తులసి, మూడో దాంట్లో సత్తిబాబు. నాలుగోది హార్మోనియం కోసం ఖాళీగా ఉంచాడు. హార్మోనియం మాస్టారు ఇదిగో వస్తా అదిగో వస్తా అంటూ రాలేదు. ఈలోగా క్యాసెట్ల రోజులే పోయాయి. ఆ టేపు హబీబు బీరువాలో పడి ఉంది.

లాంతరు ఘట్టం తననే చెప్పనివ్వమని ఆ రోజే తులసి అడిగింది. టేపులో వద్దు, స్టేజీ మీద చెబుదువుగాని, త్వరలో తాడేపల్లిగూడెంలో చెప్పబోయే కథలో నీకే వదిలేస్తానని హనుమంతరావు మాటిచ్చాడు.

తులసి తండ్రికి కబురు పెట్టింది. ఆయన దోనె దిగి, బస్సెక్కి, తాడేపల్లిగూడెం వచ్చాడు. అందరికంటే ముందొచ్చి మొదటి వరసలో కుర్చీ మీద కొత్త తువ్వాలు వేసి సీటు పట్టుకుని, టీ తాగడానికి కూడా లేవలేదు. తన తల్లి కథ తన కూతురు చెబుతుంటే వినాలని వచ్చాడు మరి.

ఘట్టం వచ్చింది. తులసి ఒక అడుగు ముందుకేసి ఊపిరి తీసుకుంది. "నీటిలో దీపమై నిలిచిందిరా తల్లి" అని సగం అందో లేదో, హనుమంతరావు మైకు తన వైపు తిప్పేసుకున్నాడు. మిగతా సగం ఆయనే లాగించాడు. జనం చప్పట్లు కొట్టారు. తులసి చేసేదేముంది, వెనక్కి అడుగేసి తందాన తాన అంది. అలవాటుపడిన నోరు అదే అనేసింది. అందుకు ఆమె తన నోటిని కూడా క్షమించలేదు.

కథయ్యాక తండ్రి మొహమాటపడుతూ స్టేజీ వెనక్కి వచ్చి, మా అమ్మాయి చెబుతుందన్నారు కదండీ అని హనుమంతరావుని అడిగాడు. అమ్మాయి గొంతు బాలేదాండీ అని కూడా అడిగాడు పాపం. హనుమంతరావు తంబురాకి గుడ్డ చుడుతూ నవ్వాడు.

"తందానకి గొంతెందుకండీ పెద్దాయనా, నోరుంటే చాలు."

చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. తండ్రి కూడా ఏమనాలో తెలియక నవ్వాడు. ఆ నవ్వే తులసి గుండెలో దిగబడిపోయింది. బస్టాండులో ఆయన ఒక్క మాటే అన్నాడు.

"నువ్వు చెప్పలేదేమ్మా?"

ఆ వానాకాలమే ఆయన పోయాడు. కూతురి నోట తందాన తప్ప ఇంకేమీ వినకుండానే పోయాడు. తులసి గుమ్మెట దించింది, మళ్ళీ ఎత్తలేదు. స్టేజీ దిగితే నోట్లో నాలుక లేని సత్తిబాబు కూడా గురువుగారితో తగువు పెట్టుకుని, పెళ్ళాం వెంట నడిచి వచ్చేశాడు. చేపల చెరువు కాపలా పని చూసుకున్నాడు. ఉన్నన్నాళ్ళు ఆమెని నవ్విస్తూ ఉండి, ఒకరోజు చెరువు గట్టు మీదే గుండె ఆగి పోయాడు.

డీజేలొచ్చి మైకు సెట్లని మింగేశాక హబీబు కొట్టు మూసేశాడు. మిషనూ, టేపూ తెచ్చి తులసికిచ్చాడు. నా దగ్గరుంటే తుప్పు పడుతుంది చెల్లెమ్మా, నీ దగ్గరుంటే పాడుతుంది అన్నాడు. టేపు రాసుకునే హెడ్డుని దూదితో ఎలా తుడవాలో, ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో నేర్పాడు. ఒకటో ట్రాకు బటన్ దగ్గర మాత్రం, జాగ్రత్త చెల్లెమ్మా, పోతే పోయినట్టే అన్నాడు. పోతే పోయినట్టే అన్నది ఆమెకి మంత్రోపదేశంలా వినపడింది. అయినా ఇన్నాళ్ళూ నొక్కలేదు. పగ ఆవకాయ లాంటిది, ఊరినకొద్దీ రుచి. జాడీ ఖాళీ చేసుకుంటే రేపేం తినాలి?

ఓడలు బళ్ళయ్యే రోజు రానే వచ్చింది. హనుమంతరావుకి గొంతులో గడ్డ లేచి ఆపరేషన్ చేశారు. ప్రాణం నిలిచింది, గొంతు పోయింది. ఏలూరులో కళాకారులంతా కలిసి ఆయనకి సన్మానం తలపెట్టారు. సభలో ఆయన పాత గొంతు వినిపించాలని ఊరంతా గాలించారు. బయట దొరికిన క్యాసెట్లన్నీ బూజు పట్టి పనికిరాకుండా పోయాయి. మిగిలింది హబీబు రికార్డు చేసి తులసికిచ్చిన కొల్లేటి కథ ఒక్కటే. ఆదివారం తనే ఆకివీడు వస్తానని ఆయన కోడలి చేత ఫోన్ చేయించాడు.

తులసి అలాగేనండి, తప్పకుండా రమ్మనండి అంది. ఫోన్ పెట్టేసి లేచి కిటికీలకి బొంతలు కట్టింది.

చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుంది. రెండో ట్రాకు, మూడో ట్రాకు వినపడేలా మీటలు పైకి జరిపింది. మైకు నోటి దగ్గరికి లాక్కుంది. ఒకటో ట్రాకు బటన్ మీద వేలు పెట్టింది. ఈసారి నొక్కింది. ఎర్ర లైటు వెలిగింది.

టేపు తిరుగుతుంటే హనుమంతరావు గొంతు మాట వెనక మాటగా పోతోంది. అది పోయినచోటల్లా తులసి గొంతు పడుతోంది. ఆయన ఎక్కడ ఆగేవాడో, ఎక్కడ సాగదీసేవాడో ఆమెకి కంఠతా వచ్చు. ఆ ఖాళీల్లో తన మాట ఒదిగిపోతుంటే, రెండో ట్రాకులోంచి వయసులో ఉన్న తులసి తందాన తాన అని అందుకుంటోంది. మూడో ట్రాకులోంచి చచ్చిపోయిన సత్తిబాబు, "గురువుగారూ, దోనె ఏదండీ?" అని అడుగుతున్నాడు. గురువుగారంటే ఇప్పుడు తనే. మొగుడి నోట ఆ పిలుపు వింటే తులసికి నవ్వొచ్చింది, కళ్ళు మసకబారాయి, అయినా పాట ఆపలేదు. లాంతరు ఘట్టం వచ్చింది. ఈసారి మైకు లాక్కునేవాడు లేడు.

నీటిలో దీపమై నిలిచిందిరా తల్లి
రాని దోనెకు దారి చూపిందిరా తల్లి

టేపు ఆపాక ఆమెకి ఒంట్లో ఎంత హాయిగా ఉందంటే, లేచి రెండు ముద్దలు ఎక్కువే తింది. మనిషిని చంపి అన్నం తిన్నట్టుందే అని తనకే అనిపించింది. అనిపిస్తే అనిపించనీ అనుకుంది.

మజ్జిగ తాగి మళ్ళీ కూర్చుని, వయసులో తన గొంతు ఎలా ఉండేదో విందామని రెండో ట్రాకు ఒక్కటే పెట్టింది. తందానకీ తందానకీ మధ్య నిశ్శబ్దం ఉండాలి. లేదు. సన్నగా, గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు, ఒక మగగొంతు. హనుమంతరావే! ఆ రోజు హబీబు ఇంట్లో సత్తిబాబు అవతల గదిలో, తనూ ఆయనా పక్కపక్కనే నిలబడ్డారు. ఆయన గొంతు ఎంత పెద్దదంటే, తన మైకు చాలక తులసి మైకులో కూడా దూరి కూర్చుంది.

చచ్చీ సాధిస్తాడే ఈ మనిషి అని తులసి పళ్ళు కొరికింది. వేలు తీసుకెళ్ళి రెండో ట్రాకు బటన్ మీద పెట్టింది. ఇది నొక్కితే ఆయన పూర్తిగా పోతాడు. కానీ ఆయనతో పాటు వయసులో ఉన్న తులసి కూడా పోతుంది. చాలాసేపు వేలు అక్కడే ఉంచి, చివరికి తీసేసింది.

ఆదివారం హనుమంతరావు వచ్చాడు. ఎండలో కూడా మెడకి మఫ్లర్ చుట్టుకుని, ఆటో దిగి, సందులోకి వంగి చూస్తూ వచ్చాడు. ఎంత మనిషి ఎలా అయిపోయాడు. తులసి ఎదురెళ్ళి, రండి గురువుగారూ, ఎండన పడి వచ్చారు అంటూ కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, ఫ్యాను ఆయన వైపు తిప్పింది. మర్యాదలో వీసమెత్తు లోటు చెయ్యలేదు. గోదావరి జిల్లాల్లో పగవాణ్ణి కూడా అండీ అనే పలకరిస్తారు, అందులోనే ఉంది అసలు విషం.

ఆయన గుసగుసగా మాట్లాడాడు. అంతకు మించి రావడం లేదు. రోజూ ఆ గొంతు కలలోకి వస్తోందనీ, లేవగానే ఉండడం లేదనీ చెప్పాడు. ఒక్కసారి వినిపించమన్నాడు. తులసి హెడ్‌ఫోన్ ఆయన చెవులకి పెట్టి టేపు నడిపింది.

గుమ్మెటలు మోగాయి. ఆయన మొహం విప్పారింది. తర్వాత కథ మొదలైంది. ఆయన హెడ్‌ఫోన్ సర్దుకున్నాడు, మిషను వైపు చూశాడు, తులసి వైపు చూశాడు.

"నా గొంతేదమ్మా?"

"చెరిపేశానండి."

ఆయన నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించి అన్నాడు.

"అదొక్కటేనమ్మా మిగిలింది."

"తెలుసండి."

ఆయన కళ్ళ నీళ్ళు మఫ్లర్ మీద పడ్డాయి. తులసి చూస్తూ కూర్చుంది. జాలి కలుగుతుందేమోనని లోపల వెతుక్కుంది కూడా. కలగలేదు. నాలుగో మీట పైకి జరిపి, మైకు ఆయన ముందుకి నెట్టింది.

"నాలుగోది ఖాళీగా ఉందండి. నేను కథ చెబుతున్నాను కదా, మీరు తందాన అనండి. సభలో ఇదే వేద్దాం."

"గొంతు లేదు కదమ్మా."

"తందానకి గొంతెందుకండీ, నోరుంటే చాలు. తాడేపల్లిగూడెంలో మీరే అన్నారు, మా నాన్న ముందు."

ఆయన నుదురు ముడిచి ఆలోచించాడు. నేనన్నానా అని అడిగాడు. నిజంగానే గుర్తులేదు. తులసికి ఒళ్ళు భగ్గుమంది. ఇన్నేళ్ళు తను కడుపులో మోసిన నిప్పు, ఆయన తంబురాకి గుడ్డ చుడుతూ మర్చిపోయిన మాట. అన్నారండి అని మాత్రం అంది. రికార్డు బటన్ నొక్కింది.

హనుమంతరావు తందాన అన్నాడు. అది కాస్త ఆలస్యమైంది. తులసి టేపు వెనక్కి తిప్పింది. మళ్ళీ అన్నాడు, మళ్ళీ ఆలస్యమే. ఊళ్ళకి ఊళ్ళని కూర్చోబెట్టిన మనిషి, తందాన దగ్గర గుడ్డివాడిలా తడుముకున్నాడు. తులసి ప్రతిసారీ, పర్లేదండి, ఇంకోసారి అనండి అంటూ తిప్పుతూనే ఉంది. ఆయన చొక్కా తడిసిపోయింది. తులసి ఫ్యాను ఆపేసింది, రికార్డింగులో చప్పుడొస్తుందండి అంది.

"ఎక్కడ అందుకోవాలమ్మా?" అని ఆయన చివరికి అడిగాడు. ఆ మనిషి ఒకరిని అడిగి తెలుసుకోవడం తులసి ఎన్నడూ చూడలేదు.

"నేను ఆగేదాకా ఆగకూడదండి. నాకు ఊపిరి అయిపోతోందని మీకు ముందే తెలియాలి. ఆ తందాన అడ్డం పెట్టుకునే కథకుడు గాలి తీసుకుంటాడు."

పాతికేళ్ళు ఏ ఊళ్ళోనూ ఆయనకి ఊపిరి చాలకపోవడమన్నది లేదు. అది ఎందుకో ఇప్పుడు ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసింది. కళ్ళు మూసుకుని, తల వంచి, తులసి కథ మొదటిసారి విన్నాడు. లాంతరు ఘట్టంలో "చూపిందిరా తల్లి" దగ్గర తులసికి ఊపిరి సన్నగిల్లింది. బొంగురుపోయిన తందాన ఒకటి సరిగ్గా అక్కడొచ్చి పడింది.

తులసి టేపు ఆపింది. అప్పుడు, అప్పుడే, మిగతా మీటలన్నీ దించేసి రెండోది ఒక్కటే పైకి జరిపింది.

"వినండి. నా తందాన వెనకాల, అడుగున మీరున్నారు. మీ గొంతు కావాలంటే నా తందాన వినాలండి. ఇంకో దారి లేదు."

హనుమంతరావు హెడ్‌ఫోన్ రెండు చేతులతో చెవులకి అదుముకున్నాడు. తులసి గొంతు తెరిపిచ్చిన చోటల్లా, చీమంత తన గొంతు. ఆయన పెదాలు కదిలాయి. టేపు అయిపోయాక హెడ్‌ఫోన్ తియ్యలేదు.

"ఇంకోసారి వెయ్యమ్మా."

తులసి వేసింది. ఆయన అడిగినన్నిసార్లూ వేసింది. సాయంత్రం షెడ్డు ముందు లారీలు వచ్చి నిలబడేదాకా ఆయన ఆమె తందాన వింటూనే ఉన్నాడు.

సన్మానం నాడు మిషను తులసి ఒళ్ళోనే ఏలూరు వెళ్ళింది. మామూలు టేపు రికార్డరులో ఆ క్యాసెట్ సరిగ్గా పలకదు కాబట్టి హబీబే వచ్చి తీగలు కలిపాడు. స్టేజీ మీద హనుమంతరావు శాలువా కప్పుకుని కూర్చున్నాడు. అసలు నిర్వాహకులు ఈ టేపు వద్దన్నారట. గొంతు ఎంత మిగిలితే అంతే వినిపించండి, కథ మాత్రం ఆవిడదే అని ఆయనే చీటీ రాసి ఇచ్చాడట. ఆ మాట హబీబు చెబితే తులసి ఊఁ అని ఊరుకుంది. ఒక్క చీటీతో తీరిపోయే బాకీ కాదది.

ఆమె మొదటి వరసలో కూర్చుని, సంచిలోంచి కొత్త తువ్వాలు తీసి పక్క కుర్చీ మీద వేసింది. హాలు నిండిపోయింది. వెనక జనం నిలబడ్డారు. ఒక కార్యకర్త వచ్చి, అమ్మా, ఈ సీటు ఎవరికండీ, పెద్దవాళ్ళు నిలబడ్డారు అని అడిగాడు.

"మా నాన్నకండి. కథ అయ్యేదాకా తియ్యకండి."

తువ్వాలు వేసిన సీటు ఎవరూ అడగరు. అతను వెళ్ళిపోయాడు. హబీబు బటన్ నొక్కాడు. పెద్ద పెద్ద బాక్సుల్లోంచి తులసి గొంతు హాలంతా నిండింది. నాయనమ్మ నీళ్ళలోకి దిగి లాంతరు ఎత్తింది. ఊపిరి అయిపోతున్న చోట హనుమంతరావు తందాన అన్నాడు.